సంద్రానికి సిఫార్సు చెల్లదు

మా బావగారికి తెలియనివాళ్ళు లేరు. బండి లైసెన్సు ఇప్పించే బ్రోకరు నుంచి కొండమీద బ్రేక్ దర్శనానికి లెటరిచ్చే పీఏ దాకా అందరూ ‘మనవాళ్ళే’. మొన్న సెలవులకి పిల్లాపాపలతో కూకట్‌పల్లి నుంచి విశాఖలో దిగారు. ఒక్క సముద్రంతోనే ఆయనకి పరిచయం లేదు. ఆ సంగతి ఆయన పట్టించుకోలేదు. సముద్రం పట్టించుకుంది.

సాయంత్రం ఆర్కే బీచికి వెళ్ళాం. 31 ఏళ్ళు నేవీలో నౌకరీ చేసిన కురుసుర జలాంతర్గామి ఒడ్డున బుద్ధిగా విశ్రాంతి తీసుకుంటోంది. పావుగంట అనుభవమున్న మా బావగారు దాన్ని దాటుకుని నీళ్ళ దాకా వెళ్ళారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచారు. ఒక చేతిలో మూరీ మిక్స్చర్ పొట్లం, రెండో చేతిలో కర్రకి బిగించిన ఫోను. సెల్ఫీలో సముద్రం వెనకాల పడాలి కాబట్టి దానికి వీపు పెట్టి నిలబడ్డారు.

“నీళ్ళలోకి దిగొద్దని బోర్డుంది బావగారూ.”

“దిగొద్దనేగా ఉంది! నిలబడొద్దని లేదుగా!”

పక్కనే వల సర్దుకుంటున్న ముసలి జాలరి తలెత్తాడు. “బాబూ, సంద్రానికి ఈపు సూపించకండి. పెద్ద కెరటం ఒత్తాది.”

“పావుగంట నుంచి చూస్తున్నా పెద్దాయనా, మడమ దాటి రాలేదు.”

“మీ కాలి కింద ఇసక తడిగా ఉంది. మీ ముందర పది అడుగుల మేర కూడా తడే. దాన్నెవరు తడిపారంటారు?”

ఈ ప్రశ్నకి బావగారి దగ్గర జవాబు లేదు. ఆయనకి తెలిసిన పీఏ దగ్గరా ఉండదు.

కెరటాలు మగపెళ్ళివారిలా జట్లుగా వస్తాయి. ముందు చిన్నపిల్లలు పరిగెత్తుకొస్తారు. తర్వాత కాసేపు ఎవరూ ఉండరు. ఇంతేనేమోనని మనం విస్తళ్ళు లెక్కపెట్టుకుంటుండగా వియ్యంకుడు దిగుతాడు. ఆయన బయల్దేరింది కూడా పక్క ఊరి నుంచి కాదు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను రేగుతుంది. అక్కడ పుట్టిన కెరటం రోజుల తరబడి వేల కిలోమీటర్లు నడిచి మన తీరాలకి చేరుతుంది. ఇక్కడ మబ్బుండదు, గాలుండదు. చడీచప్పుడు లేకుండా వస్తుంది గనకే మలయాళీ జాలర్లు ఆ పోటుని ‘కళ్ళక్కడల్’ అన్నారు. దొంగ సముద్రమని అర్థం. 2012లో యునెస్కో కూడా ఆ పేరు ఖాయం చేసింది.

ఈ దొంగ వస్తున్నాడని ముందే కేకేసే కాపలాదారు కూడా ఉన్నాడు. ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. దేశం చుట్టూ ఇంత సముద్రం ఉండగా దాని ఆఫీసు హైదరాబాదులో, ప్రగతినగర్‌లో ఉంది. అంటే మా బావగారి ఇంటికి ఆటో దూరం. హెచ్చరిక పుట్టేచోటు నుంచి వందల కిలోమీటర్లు ప్రయాణం చేసొచ్చి మరీ దాన్ని పెడచెవిన పెట్టడమంటే మాటలా!

ఆ సంగతి చెబితే, “ఆ ఇన్‌కాయిస్ బోర్డు చూశానోయ్. చేపల కంపెనీ అనుకున్నా” అన్నారాయన.

అంతలో నీళ్ళు ఎప్పుడూ లేనంత వెనక్కి వెళ్ళాయి. బావగారి మడమల కింద ఇసుక జల్లెడలోంచి జారినట్టు జారింది. ఆయన కిందికి చూసుకునే లోపు వియ్యంకుడు వచ్చేశాడు. నడుము దాకా కూడా లేదు, తొడల దాకానే. కానీ ఒక క్యూబిక్ మీటరు సముద్రపు నీరు టన్ను పైమాటే. అది మీదికొస్తే ఎంత లోతని అడిగే వ్యవధి ఉండదు. బావగారు రెండు పల్టీలు కొట్టారు. వచ్చిన నీళ్ళు పోతూపోతూ ఆయన్ని కూడా తీసుకుపోబోతే, జాలరి ఒక్క అంగలో వెళ్ళి బెల్టు పట్టుకున్నాడు. జీవితంలో సిఫార్సు లేకుండా బావగారికి దొరికిన మొదటి బ్రేక్ దర్శనమది. తీర్థం నోటినిండా పోశారు, ప్రసాదంగా చొక్కానిండా ఇసుక. చెప్పులూ ఫోనూ హుండీలో పడ్డాయి.

మా ఇంట్లో ఇదిప్పుడు నవ్వుకునే కథ. 2024 మే నెలలో కన్యాకుమారి జిల్లా తీరంలో ఇలాగే అలల్లోకి కొట్టుకుపోయిన ఐదుగురు వైద్య విద్యార్థుల ఇళ్ళలో నవ్వేందుకేమీ మిగల్లేదు. అప్పుడూ కళ్ళక్కడల్ హెచ్చరిక ముందే వచ్చింది. చెప్పేవాళ్ళు చెబుతూనే ఉన్నారు. మనమే ఫొటోకి నవ్వుతూ అటు తిరిగి ఉంటున్నాం.

గట్టుమీద కూర్చుని, మా అక్క ఇచ్చిన తువ్వాలుతో తల తుడుచుకుంటూ బావగారు చాలాసేపు మాట్లాడలేదు. జ్ఞానోదయమైందనుకున్నాను.

“ఏవోయ్, ఆ ఇన్‌కాయిస్‌లో మనవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కో.”

“ఎందుకు బావగారూ?”

“ఫోను సంగతి మాట్లాడదాం. సముద్రం వాళ్ళ చేతిలోనేగా ఉంది!”