కారుతాళ పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: ఖమ్మం నుండి కొత్తగూడెము, పాల్వంచ, సారపాక మీదుగా గోదావరి వంతెన దాటి, శ్రీరామనవమి నాడు భద్రాచలమున కారు నిలిపిన ఒకానొక భక్తుని ముందుచూపును కవి వర్ణించుచున్నాడు.

తే.గీ.
కారు కొక తాళ మా గేరు గదకు నొకటి
చెవికిఁ జిప్పిచ్చి మింటితోఁ జెలిమి చేసి
రామచంద్రుని సన్నిధిన్ వ్రాలునపుడు
బుడుతఁ డొకనికిఁ జెవి నిచ్చి పోవు ఘనుఁడు.

ప్రతిపదార్థం: కారుకున్ = నాలుగు చక్రములు గలదియు, వాయిదాలు ఇంకను తీరనిదియు నగు వాహనమునకు; ఒక తాళము = కంపెనీవారు పెట్టి పంపిన తాళము (చెవి తీసి చక్రము కాస్త తిప్పగనే బిగిసికొను స్టీరింగు తాళమును ఇందులోనిదే); ఆ గేరు గదకున్ = హనుమంతుని గదవలె గుండ్రని తల గల గేరు కడ్డీకి; ఒకటి = బండిని రివర్సులో ఉంచి ఇనుప కొక్కెముతో బంధించు మరియొక తాళము; చెవికిన్ = తాళంచెవి తలలో; చిప్పు ఇచ్చి = బ్యాటరీ అక్కరలేని బుల్లి చిప్పును దాచి (దాని సంకేతము కుదరనిచో నకిలీ చెవి తిరిగినను ఇంజిను నడవదు); మింటితోన్ చెలిమి చేసి = జీపీఎస్ ట్రాకరు పెట్టించుకొని; రామచంద్రుని సన్నిధిన్ వ్రాలునపుడు = కల్యాణము చూడ మిథిలా స్టేడియమునకు పరుగెత్తు వేళ; బుడుతఁడు ఒకనికిన్ = ఈల నోట, చీటీల కట్ట చేత గల కుఱ్ఱనికి; చెవిని ఇచ్చి = ఆ తాళంచెవినే అప్పగించి; పోవు = పోవునట్టి; ఘనుఁడు = మహానుభావుఁడు.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: ‘మింటితోఁ జెలిమి’ అన్న ప్రయోగాన్ని పూర్వ వ్యాఖ్యాతలు తెగ మెచ్చుకున్నారు. మాకంత నచ్చలేదు. ఉపగ్రహాల మాట విని, తానెక్కడుందో లెక్కకట్టుకోవడం వరకే ట్రాకరు పని. ఆ కబురు మన ఫోనుకు చేర్చాల్సింది దాని కడుపులోని సిమ్ము. చింతూరు దారిలో సెల్ టవరు అందని చోట ట్రాకరుకు అంతా తెలుసు, పాపం, చెప్పుకునే దిక్కే ఉండదు. మా గురి గద మీదనే. సిగ్నలు లేకపోయినా కొక్కెం వదలదు, పైగా అద్దంలోంచి తొంగిచూసిన దొంగకు అది కనిపిస్తుంది కూడా.

ఇక దేశకాలాలు. 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు పోగా పట్నం మాత్రం తెలంగాణలో మిగిలింది. అందుచేత పక్కనే ఉన్న ఎటపాక పొరుగు రాష్ట్రం. చింతూరు మీదుగా ఇంకాస్త పోతే శబరి ఒడ్డున ఛత్తీస్‌గఢ్ కుంట. నలుగు పెట్టేటప్పుడు ఇక్కడ పోయిన కారు తలంబ్రాల వేళకు మూడో రాష్ట్రంలో ఉండగలదు. ‘మా పరిధి కాదు’ అనే పాత పల్లవికి మాత్రం జీరో ఎఫ్ఐఆర్ ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి.

‘బుడుతఁ డొకనికి’ అన్నచోట కవి చమత్కారం చూడాలి. ‘తాళం ఇచ్చిపో సారూ, బండి జరపాల్సొస్తది’ అనగానే మూడు తాళాల మహానుభావుడు మారుమాట లేకుండా చేతిలో పెట్టేస్తాడు. ఆ చెవికి చీటీ ముక్క చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, కుఱ్ఱాడు దాన్ని గుంజకు కొట్టిన మేకుకు తగిలిస్తాడు. ఎండకు చీటీ మీది నంబరు చెమటతో అలుక్కుపోతుంది. ఆ మేకున వేలాడేది చిప్పున్న అసలు చెవే కనుక ఇంజిను మర్యాదగా నడుస్తుంది. తాళాల సంగతిలో ఈ ఊరికి పూర్వకథ లేకపోలేదు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న ఖజానా తెరిచి గుడి కట్టించి, గోల్కొండలో తాళం వేసిన గదికి చేరాడని కదా ఐతిహ్యం.

పాఠాంతరం: నాలుగో పాదం చివర ‘పోవు ఘనుఁడు’ బదులు ‘పోయెఁ గారు’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. యతిగణాలకు లోటు లేదు. అయితే ‘ఇచ్చి’కి కర్త యజమాని, ‘పోయె’కు కర్త కారు, కర్తలు వేరైనచోట క్త్వార్థం చెల్లదని వైయాకరణుల ఆక్షేపం. రెండు చెవులూ బల్ల మీద పెట్టమని అడిగే బీమా కంపెనీవారు మాత్రం ఈ పాఠమే సాధువంటారు. వారి లెక్కలో రెండు క్రియలకూ కర్త యజమానే.