డిప్‌స్టిక్ లేని బండ్లు

ఇప్పటి మెకానిక్ బానెట్ ఎత్తడు. డ్రైవర్ సీట్లో కూర్చుంటాడు, స్టీరింగ్ కింద చెయ్యిపెట్టి ఓ వైరు గుచ్చుతాడు, ఒళ్లో స్క్రీను పెట్టుకుని దానికేసి చూస్తాడు. అది ఏం చెబితే అదే రోగం. అది ఏమీ చెప్పలేదా, బండి ఎంత మూలిగినా సరే, రోగం లేనట్టే. పైగా మనల్నే ఎగాదిగా చూసి, "కోడ్ ఏం రాలేదు సార్" అంటాడు. కోడ్ రాకపోతే ఏమాయె, వాసన రాలేదా?

ఆటోమేటిక్ గేర్లంటే నిన్నగాక మొన్న పట్నం నుంచి దిగిన వింత అనుకుంటారు మా గోదావరిఖని పిల్లలు. 2014లో సెలెరియో వచ్చాక మామూలు ఉద్యోగి ఇంటి ముందుకు కూడా క్లచ్ పెడల్ లేని కారు చేరిన మాట నిజమే. కానీ సింగరేణిలో ఓపెన్‌కాస్టు పని 1975లో మా రామగుండంలోనే మొదలైంది. ఆ క్వారీల్లోకి వచ్చిన హాల్‌ప్యాక్ డంపర్లకు క్లచ్ పెడల్ ఎక్కడిది? బెంగళూరు బీఈఎంఎల్ వాళ్ల 35 టన్నుల బండి, తర్వాత 85 టన్నులది. లోపల ఆలిసన్ ట్రాన్స్‌మిషన్. డ్రైవరు లివర్ వేసి యాక్సిలరేటర్ తొక్కితే చాలు, బొగ్గు పైనుండే ఓబీ మట్టి నింపుకుని హాల్ రోడ్డు మీద గేర్లు తానే మార్చుకుంటూ పైకొచ్చేది. ఇప్పుడు లక్షలు పోసి కొని, "మామా, దీనికి క్లచ్చే ఉండదు" అని నాకు చూపిస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆ డంపర్లను బాగుచేస్తూ మేము నేర్చుకున్న మొదటి పాఠం ఆయిల్. మామూలు గేర్‌బాక్సులో ఆయిల్ పళ్లు అరగకుండా చూస్తుంది, అంతే. ఆటోమేటిక్‌లో అసలు పనంతా ఆయిల్‌దే. ఇంజను తిప్పే రెక్కల చక్రం ఆయిల్‌ను విసిరితే, ఆ విసురుకు ఎదురుగా ఉన్న రెండో రెక్కల చక్రం తిరుగుతుంది. మధ్యలో స్టేటర్ అని ఇంకోటి. తిరిగొచ్చే ఆయిల్‌ను అది సరైన కోణంలోకి మళ్లించి, బండి కదిలే వేళ బలం పెంచుతుంది. ఈ మూడూ ఉన్న డబ్బానే టార్క్ కన్వర్టర్. దాని వెనక క్లచ్ ప్లేట్ల కట్టలు. ఏ గేరు కావాలంటే ఆ కట్టను ఆయిల్ ప్రెషరే బిగించి పట్టుకుంటుంది. పట్టేదీ ఆయిలే, వదిలేదీ ఆయిలే, వేడిని మోసుకుపోయి కూలర్‌లో వదిలేదీ ఆయిలే. అందుకే రోగం ఏదైనా ముందు ఆయిల్‌లోనే కనబడుతుంది.

మా వర్క్‌షాపులో ఒక సీనియర్ ఫిట్టర్ ఉండేవాడు. బ్రేక్‌డౌన్ అని డంపర్ వస్తే స్పానర్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "ముందుగాల డ్రైవర్‌ను అడుగురా. ఎప్పటిసంది? సల్లగున్నప్పుడా, కాగినంకనా? ఎత్తు మీదనా, సాపు మీదనా?" ఇవన్నీ అడిగాక డిప్‌స్టిక్ తీసి, రెండు చుక్కలు తెల్లగుడ్డ మీద వేసేవాడు. తర్వాత వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. మాడిన కంపు కొడితే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. పాలు కలిసినట్టు తెల్లబడితే కూలర్ పగిలి నీళ్లు కలిసినట్టు. నురుగొస్తే ఆయిల్ ఎక్కువైనా అయి ఉండాలి, పంపు గాలి పీలుస్తూనైనా ఉండాలి. ఇంకా అనుమానం తీరకపోతే ఫిల్టర్‌ను రంపంతో కోసి, మడతలు విప్పి, వెలుతురులో పరిచేవాళ్లం. అయస్కాంతానికి మెత్తటి బూడిద రంగు బురద అంటితే భయం లేదు, అది మామూలు అరుగుదల. ఇనప పెచ్చులు వస్తే గేరో బేరింగో పోతున్నట్టు. రాగి రంగు మెరుపు కనిపిస్తే బుష్. నల్లటి రబ్బరు తునకలైతే సీళ్లు. బండి లోపలి కథంతా ఆ కాగితం మడతల్లో దొరికేది. ఇప్పటి వర్క్‌షాపుల్లో ఫిల్టర్ కోసి చూసినవాణ్ని ఒక్కణ్ని చూపండి, వాడికి నేనే చాయ్ తాగిస్తా.

అది చాలకపోతే స్టాల్ టెస్ట్. చక్రాలకు అడ్డంకులు పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి, గేరులో వేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఇంజను ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఆగుతుందో చూడటం. అయిదు సెకన్లకు మించి తొక్కకూడదు, ఆయిల్ కుతకుత ఉడికిపోతుంది. పుస్తకంలో ఉన్న అంకె కన్నా ఎక్కువ తిరిగితే లోపల క్లచ్ జారుతోంది. తక్కువ తిరిగితే ఇంజనే బలహీనం, లేదా కన్వర్టర్‌లో స్టేటర్ పట్టు తప్పింది. ముందుకూ వెనక్కూ రెండు వైపులా జారితే ఆయిలో, పంపో, కన్వర్టరో. ఒక్క వైపే జారితే ఆ గేరు క్లచ్ కట్ట ఒక్కటే. స్క్రీను లేదు, వైరు లేదు. ఒక మీటరు, ఒక బ్రేకు, ఒక బుర్ర, అంతే.

మా యూట్యూబ్ వీరులకు ఒక మాట. ఈ పరీక్ష అన్ని కార్లకూ పనికిరాదు. ఏఎంటీలోనూ, డ్యూయల్ క్లచ్ బండిలోనూ టార్క్ కన్వర్టర్ ఉండదు. వాటికి ఇది చేస్తే లేని రోగం తెచ్చుకున్నట్టే. చాలా కొత్త కార్లలో కంప్యూటరే ఇంజనును పైకి పోనివ్వదు, కాబట్టి వచ్చిన అంకెకు అర్థమూ ఉండదు.

ఈమధ్య దసరాకు బిడ్డ, అల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చారు. తెల్లారి జమ్మిచెట్టు దగ్గరికి పోదామంటే కారు గేర్ లివర్ 'పీ'లోంచి కదలదు. ఇంజను మాత్రం చక్కగా స్టార్టవుతోంది. అల్లుడు సర్వీసోళ్లకు ఫోన్ చేశాడు. అవతలి నుంచి ఎవరో సార్, బండి చూడకుండానే, సెలెక్టర్ అసెంబ్లీ మొత్తం మార్చాలి, బండిని లాక్కొచ్చే ట్రక్కు పంపుతాం అన్నాడట. దాని ఖరీదు విని బిడ్డ మొహం చిన్నబోయింది. నేను మా ముసల్దాన్ని కారు వెనక నిలబెట్టి, అల్లుణ్ని బ్రేకు తొక్కమన్నా.

"ఎర్రలైటు ఎలుగుతుందా?"

"ఎలుగుత లేదు."

అంతే, అయిపోయింది. బ్రేకు తొక్కినట్టు కబురు అందితేనే 'పీ' తాళం వదులుతుంది. ఆ కబురు పంపేది పెడల్ పైన ఉండే చిన్న స్విచ్చి. వెనక లైటు వెలిగేది కూడా దాంతోనే. ఫ్యూజు చూశా, బాగుంది. స్విచ్చి పోయింది. లివర్ పక్కన చిన్న మూత ఉంటుంది, అది తీసి లోపల స్క్రూడ్రైవర్‌తో నొక్కితే తాళం ఊడుతుంది. కారు పుస్తకంలో బొమ్మతో సహా ఉంది, కానీ పుస్తకానికి ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ముందు చక్రాలకు ఇటుకలు పెట్టాకే ఆ పని చేశా. 'పీ' వదిలిన బండి ఎటు దొర్లుతుందో ఎవరికి తెలుసు! కరీంనగర్ నుంచి స్విచ్చి తెప్పించి వేశాం, కొన్ని వందల రూపాయలతో పోయింది. జమ్మి దగ్గరికి మాత్రం నడిచే పోయాం. వెనక లైటు వెలగని కారును పండగ రద్దీలోకి తియ్యనిస్తానా?

మా వరసలోనే ఇంకొకాయనది ఏఎంటీ కారు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన కాలూ చెయ్యీ చేసే పని దాంట్లో మోటర్లో హైడ్రాలిక్ పిస్టన్లో చేస్తాయి. డాష్‌బోర్డు మీద 'ఎన్' మిణుకు మిణుకుమంటోంది, గేరు పడటం లేదు. గేర్‌బాక్సు దించాల్సిందేనని ఆయనకు ఎవరో చెప్పారట. నేను మల్టీమీటర్‌తో బ్యాటరీ చూశా. స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజి పాతాళానికి పోతోంది. గేరు మార్చే సరుకంతా బ్యాటరీ మీద బతికేదే. అది నీరసపడితే కంప్యూటర్‌కు పిచ్చిపిచ్చి కబుర్లు అందుతాయి, అది బెదిరి గేరు వెయ్యడం మానేస్తుంది. టెర్మినళ్ల మీద తెల్లబూజు గీకి, ఎర్త్ వైరు బిగించి, కొత్త బ్యాటరీ పెట్టించాక అదే దారికొచ్చింది. బొగ్గుదుమ్ము ఊరు మనది. ఏ కనెక్టర్ ఊడదీసినా లోపల ఇంత నలుపు. ముందు అది తుడవండయ్యా అంటే, తుడిచినందుకు బిల్లు ఎంత వెయ్యగలరు పాపం!

ఆయనకు ఇంకో సంగతి కూడా చెప్పా. గోదావరి ఒడ్డున సమ్మక్క జాతరప్పుడు ఆ రద్దీలో, ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడుతుంటాడు ఆయన. టార్క్ కన్వర్టర్ అయితే కొంత ఓర్చుకుంటుంది. ఏఎంటీది పొడి క్లచ్, అది అక్కడికక్కడే మాడుతుంది. డ్రైవింగ్ నేర్పేవాడు ఈ ఒక్క ముక్క చెప్పడు.

స్క్రీనును అంత తిట్టాను కదా, దాని న్యాయం దానికీ చెయ్యాలి. మా మనుమడి దగ్గర అగ్గిపెట్టెంత ఈఎల్‌ఎం 327 అడాప్టర్ ఉంది. కారుకు గుచ్చి ఫోన్లో కోడ్లు చదువుతాడు. ఒకసారి పీ0700 అని చూపించి, "తాతా, గేర్‌బాక్స్ పోయింది" అన్నాడు. ఆ కోడ్ ఆఫీసు గుమ్మంలో కూర్చున్న ప్యూన్ లాంటిది. లోపల ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్లి లోపలే అడుక్కో అని మాత్రమే చెబుతుంది. అసలు కోడ్ గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఉంటుంది, దాన్ని చదవడానికి ఇంకా మంచి స్కానర్ కావాలి. అక్కడ పీ0741 కనబడితే కన్వర్టర్ లాకప్ క్లచ్ పట్టడం లేదని, పీ0730 అయితే గేరు నిష్పత్తి లెక్క తప్పిందని. ఎందుకు పట్టడం లేదో, ఎందుకు తప్పిందో అది చెప్పదు. ఆయిల్ తగ్గినా అదే కోడ్, సోలెనాయిడ్ అంటుకున్నా అదే కోడ్, ప్లేట్లు అరిగినా అదే కోడ్. అయినా ఒప్పుకుంటా. నడుస్తున్న బండిలో ఆయిల్ వేడి ఎంత, కంప్యూటర్ ఏ గేరు అడిగింది, ఏది పడింది, ఇవి మా ముక్కుకు ఎన్నడూ అందలేదు. ఏఎంటీకి క్లచ్ మార్చాక దానికి కొత్త కొలతలు నేర్పాలంటే స్కానర్ లేనిదే కుదరదు. మా రోజుల్లోనూ అందరూ ధన్వంతరులు కారు. బయట లింకేజీ పిన్ను అరిగితే చూసుకోక ట్రాన్స్‌మిషన్ మొత్తం దించిన షిఫ్టులు ఉన్నాయి. కానీ ఆ దించినవాడు మర్నాడు తలెత్తుకు తిరగలేకపోయేవాడు. ఇప్పుడు అనవసరంగా అసెంబ్లీ మార్చినవాడికి ఇన్సెంటివ్ ఇస్తున్నారేమోనని నా అనుమానం.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. ఆ రోజుల్లో ఏ క్వార్టర్ల లైనులో చూసినా ఒక ఫిట్టరో, ఎలక్ట్రీషియనో, వెల్డరో ఉండేవాడు. ఆదివారం వేపచెట్టు కింద కైనెటిక్ హోండా పక్కకు వాల్చి ఉండేది. అదీ ఆటోమేటిక్కే. ఒక బెల్టు, రెండు పుల్లీలు, ముందు పుల్లీలో ఆరు రోలర్లు. పికప్ తగ్గిందంటే మూత విప్పి రోలర్లు ఒకపక్క చదును పడ్డాయేమో, బెల్టు పళ్ల మధ్య పగిలిందేమో చూసేవాళ్లం. చుట్టూ పిల్లలు మూగేవాళ్లు, ఒకడు టార్చి పట్టేవాడు, ఒకడు నట్లు లెక్కపెట్టేవాడు. ఆ టార్చి పట్టినోళ్లలోంచే తర్వాతి ఫిట్టర్లు తయారయ్యారు. ఈ కాలంలో స్కూటీ లోపల కూడా అదే బెల్టు, అవే రోలర్లు. అది విప్పితే వారంటీ పోతుందని భయం, విప్పకపోతే బెల్టు తెగి రోడ్డు మీద నిలబడతామని భయం లేదు.

ఇంట్లో చెయ్యగలిగినదీ, చెయ్యకూడనిదీ రెండూ చెబుతా. బ్యాటరీ, ఎర్త్, ఫ్యూజు, బ్రేకు స్విచ్చి, కారుతున్న చోటు, ఆయిల్ మట్టం, రంగు, వాసన, ఇవి ఇంటి ముందే చూసుకోవచ్చు. ఆయిల్ మాడి నల్లబడి, గేరు వేశాక బండి ఆలోచించుకుని కదులుతుంటే మాత్రం ఇటుకల మీద ఎత్తి విప్పే పని కాదు. ఆయిల్‌ను ఏ గేరుకు పంపాలో మళ్లించే వాల్వ్ బాడీలో వెంట్రుకంత మురికి పడినా గేర్లు తప్పుతాయి. మా వర్క్‌షాపులోనే ఆ పనికి వేరే గది, వేరే బల్ల ఉండేవి. నా మొండితనానికీ ఒక హద్దుంది.

ఆయిల్ మట్టం అన్నాను గానీ, ఎలా చూస్తారు? చాలా కొత్త కార్లకు గేర్‌బాక్సు డిప్‌స్టిక్కే లేదు. ఉన్నవాటిలోనూ ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. ఎక్కువ వాటికి ఇంజను నడుస్తుండగా చూడాలి, హోండాకు ఆపాక నిమిషం నుంచి నిమిషంన్నర లోపు. లేనివాటికి కింద ఒక ప్లగ్గు ఉంటుంది. ఆయిల్ చెప్పినంత వేడెక్కాక దాన్ని విప్పితే సన్నగా కారాలి. సామాన్యుడు చేసుకోలేడని తెలిసే అలా పెట్టారు. పైగా లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చనక్కర్లేదు అంటారు. ఎవరి లైఫ్‌టైమ్? జర్మనీలో జెడ్‌ఎఫ్ అనే కంపెనీ ఎందరో కార్లవాళ్లకు గేర్‌బాక్సులు తయారుచేసి ఇస్తుంది. 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చండి అని వాళ్లే చెబుతారు. గేర్‌బాక్సు చేసినవాడు మార్చమంటాడు, కారు అమ్మినవాడు వద్దంటాడు. మేలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో ఎవరి మాట వినాలి?

అల్లుడి కారు తొంభై వేలు దాటింది. మొన్న ఫోన్లో చెప్పా, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆయిల్ పట్టుకురమ్మని.

"సర్వీసోళ్లు అవసరం లేదన్నరు మామా."

"ఆళ్లు బ్రేకు లైటు సుత చూడలే అల్లుడా."

అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత ఫోను బిడ్డ అందుకుంది. "బాపూ, నువ్వు కారు కిందికి దూరితే నేను ఊరికే రాను" అంది. నేను దూరనన్నా, ర్యాంపు ఉన్న షెడ్డు ఒకటి మాట్లాడి పెట్టా, వాడే విప్పుతాడు, నేను పక్కన నిలబడి చూస్తా. పుస్తకంలో ఏ నంబరు ఆయిల్ రాసి ఉందో సరిగ్గా అదే తేవాలి, దుకాణంవాడు అంటగట్టింది కాదు. దాంతోపాటు ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషరు కూడా. పాత ఫిల్టర్‌ను మాత్రం పారెయ్యొద్దని షెడ్డువాడికి ఇప్పుడే చెప్పి ఉంచా, కొయ్యడానికి రంపం నేనే తెస్తా.