సూరీడికి సంతకం కావాల!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు వానకు కరువుందేమో గానీ ఎండకు లేదు. ఆ ఎండను నమ్ముకునే ఇదే జిల్లా ఎన్పీ కుంటలో వందల మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. అదే ఒక మామూలు ఆసామి సొంతంగా ప్యానెళ్లు కొని, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మిద్దె మీద 3 కిలోవాట్లు బిగించుకున్నాడనుకోండి, కరెంటాఫీసులో కథ వేరు.

"వెండర్ ఎవరప్పా?"

"నేనే సార్."

అంతే, కౌంటరు అవతల ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల రాయితీ నమోదైన వెండర్ చేత పెట్టించుకున్నోళ్లకే. సరే, దానికి నీళ్లొదులుకున్నాడు. గ్రిడ్డుకిచ్చిన కరెంటును లెక్కగట్టే నెట్ మీటరైనా పెట్టండి సామీ అంటే, ఫైలు కదలదు. దరఖాస్తు సక్రమంగా ఉంటే 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలనే అక్కర్లేదని, ఒప్పుకున్నట్టే లెక్కని 2024లో కేంద్రం నిబంధనలు మార్చింది. కనెక్షన్ పని 15 రోజుల్లో తేల్చాలనీ రాసుంది. ఆ కాగితం ఢిల్లీలో రైలెక్కింది గానీ, ధర్మవరం జంక్షన్‌లో ఇంజను మార్చుకుంటోందో ఏమో!

అనుమతి లేకుండా గ్రిడ్డుకు కలపొద్దనడం న్యాయమే. స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం ముఖ్యం. అందుకే లైన్లో కరెంటు పోతే ప్యానెళ్లకు బిగించిన బ్యాటరీ లేని ఇన్వర్టరూ ఆగిపోతుంది. అంటే, అన్ని సంతకాలూ అయ్యాక కూడా మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే మిద్దె మీద సూర్యుడు, చేతిలో విసనకర్ర.

బ్యాటరీ పెట్టుకోమంటున్నారు. దానికి ఏ ఫారమో కనుక్కోవాల.