చమురు ఒలికితే చింతెందుకు: కాళాస్తి వాళ్ళకు చిట్కాలు

సముద్రంలో చమురు ఒలికితే మనకేంలే అనుకునే కాళాస్తి పెద్దమనుషులారా, 2022 ఏప్రిల్ 4 దాకా మీ మాట సబబే. ఆనాడు తిరుపతి జిల్లా పుట్టింది. సూళ్లూరుపేట, తడ వచ్చి మనతో కలిశాయి, వాటి వెంట సముద్రం కూడా వచ్చింది. ఇల్లు కదలకుండా తీరవాసులమైపోయాం. బేరివారి మండపం దగ్గర నిలబడి ఇరవై ఏళ్ళుగా అడగనివాళ్ళకు కూడా సలహాలిస్తున్న అనుభవంతో ఈ నాలుగు ముక్కలు చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు, ఒలకలేదనండి. 2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు కామరాజర్ రేవు బయట గ్యాస్ దింపి పోతున్న బీడబ్ల్యూ మేపుల్, సరుకుతో వస్తున్న డాన్ కాంచీపురం ఢీకొన్నాయి. రేవు నుంచి వచ్చిన తొలి ప్రకటనలో చమురు కాలుష్యమే లేదు. నల్ల జిడ్డు మాత్రం ఆ ప్రకటన చదవకుండా మెరీనా వైపు నడిచింది. ఆ రోజు ఏ వారమో చూశారా? శనివారం. అమావాస్య ఘడియలు కూడా ఇంకా దాటలేదు. నూనె, శనివారం, అమావాస్య! ఇక కెప్టెన్ల తప్పో, రేవు తప్పో వెతకడం దండగ. రెండు ఓడలనూ మనూరు పంపి రాహుకేతు పూజ చేయిస్తే సరిపోయేది. ఓడకు జన్మనక్షత్రం ఏమిటన్నదే చిక్కు.

తొందరపడి తేలే అడ్డుకట్టలు కట్టకండి. తొలి గంటల్లో చమురు పలచగా ఒకచోటే ఉంటుంది, చుట్టూ కంచె వేసి తోడేయొచ్చు. అందులో గొప్పేముంది? కొన్నాళ్ళు ఆగితే అలలు దాన్ని కవ్వంలా చిలుకుతాయి. ఓడల ఇంజన్లలో వాడే చిక్కటి నూనె ఉప్పునీళ్ళను తాగి మూడు నాలుగింతలు ఉబ్బుతుంది. ఎన్నూరులో ఆ ముద్ద ముందు మురుగు తోడే లారీలు కూడా మొరాయించాయి. అప్పుడు విద్యార్థులు, జాలర్లు బకెట్లతో దిగారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదకు మణలి రిఫైనరీ వైపు నుంచి చమురు బకింగ్‌హాం కాలువ మీదుగా ఎన్నూరు కయ్యలోకి వస్తే, పడవల్లోంచి మగ్గులతో ఎత్తారు. దాదాపు ఏడేళ్ళలో బకెట్టు నుంచి మగ్గుకు వచ్చాం. ఈసారికి టీ గ్లాసులు సిద్ధం చేసుకోండి.

ఆ కాలువే పైకొచ్చి మన పులికాట్‌లో కలుస్తుంది. కంగారేం లేదు. భీములవారిపాలెం చెక్‌పోస్టు దగ్గర చమురును ఆపి పర్మిట్ అడగండి.

సబ్బు చల్లడం ఇంకో ఉపాయం. 2010లో అమెరికా గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ తవ్వుతున్న బావి పేలినప్పుడు దాదాపు 70 లక్షల లీటర్ల మందు చల్లారు. చమురు సన్నటి బొట్లుగా విడిపోయి, పైన కనిపించకుండా, చేపపిల్లలు తిరిగే లోతుకు దిగుతుంది. ఈ సంగతి మా కలంకారీ పనివాడొకాయనకు ఉత్సాహంగా చెప్పాను. గుడ్డ ఉతుకుతూ తలెత్తకుండా అన్నాడు: "గుడ్డకు సబ్బు పెడితే జిడ్డు నీళ్ళలోకి పోతాది సామీ. నీళ్ళకే సబ్బు పెడితే యాడికి పోతాది?" ఇట్లాంటి వాళ్ళను సభలకు పిలవకండి.

సభ అంటే గుర్తొచ్చింది. కొత్త బావులు వద్దని అర్జీ పట్టుకుని బయల్దేరేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు నీడ, కుర్చీ, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టే ఖర్చు ఇప్పుడు లేదు. అన్వేషణ బావులకు, అవి నేల మీదైనా సముద్రంలోనైనా, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2020 జనవరి 16న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఎవరైనా 1995 పాశర్లపూడి బావి మంటల మాట ఎత్తితే, 65 రోజులు కోనసీమకు రాత్రిపూట కరెంటు లేకున్నా వెలుతురుండింది కదా అనండి. కాకినాడ ఎదుట లోతు సముద్రంలో 2024 జనవరి నుంచి చమురు తీస్తున్నారు, అది మనకు చాలా దూరం అనండి. కార్తీకం వచ్చేసరికి తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి తిరుగుతుందని మాత్రం అనకండి. నేలపట్టుకు గూడబాతులు, పులికాట్‌కు ఫ్లెమింగోలు దిగేదీ ఆ కాలంలోనే.

పగుళ్ళ సంగతి మనకు ఒకరు నేర్పాలా? ఆ గల్ఫ్ బావిలో ఒత్తిడి పరీక్ష తేడాగా వచ్చినా, అంతా బాగుందని చదువుకున్నారు. పదకొండు మంది పోయారు. బావి నోట్లోకి బురద దంచి మూయాలని 2010 మే 26న మొదలుపెట్టి, మూడు రోజులకు చేతులెత్తేశారు. కారడం ఆగేసరికి 87 రోజులు. అదే మే 26 రాత్రి మన రాజగోపురం కూలింది, రాయలవారు 1516లో కట్టించింది. పగుళ్ళు ముందే కనిపించాయి కాబట్టి జనాన్ని దూరంగా పంపేశారు, ప్రాణాలు దక్కాయి. సముద్రం అడుగున పగులుకు ఆ బెడద లేదు, చూసేవాడుంటే కదా!

చివరగా ఆడవాళ్ళకు ఒక మాట. ఆదివారం తెచ్చిన పులికాట్ మడవ చేపలో కిరసనాయిలు వాసన వస్తే, పులుసులో చింతపండు ఇంకొంచెం పిండండి. అప్పటికీ పోకపోతే, కూర దింపేదాకా అగ్గిపెట్టె దూరంగా పెట్టండి.