పడిపోయేముందు నేను చెప్పిన మాట

నేను ఒక వైఫై కార్డుని. వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 30 మిల్లీమీటర్లు. తపాలా బిళ్లంత ఉంటాను. తెనాలిలో ఒక లెక్కల టీచరుగారి ల్యాప్‌టాప్ పొట్టలో, ఒకే ఒక్క స్క్రూ ఆసరాతో ఆరేళ్లుగా కాపురం ఉంటున్నాను. నా నెత్తిన రెండు సన్నని తీగలు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. అవి మూత మడిచే చోటి నుంచి పైకి పాకి, తెర అంచుల్లో యాంటెన్నాలై నిలబడతాయి. నా ఒళ్లు కింద ఉన్నా చెవులూ నోరూ పైనే ఉంటాయి.

సవ్యంగా పనిచేసినన్నాళ్లూ నేనున్న సంగతే ఎవరికీ గుర్తురాదు. పడిపోయిన రోజున మాత్రం ఇల్లంతా వెతుకులాట మొదలవుతుంది. ఒక వేసవిలో, నెల రోజుల పాటు, నేను పదే పదే పడిపోయాను. ఆ నెలలో జరిగింది చెప్పుకోవాలనే ఈ కథ మొదలుపెట్టాను.

ముందు మా వంశం గురించి రెండు మాటలు. 1895లో కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోసు, తీగ అన్నది లేకుండా, గోడలకు అవతల ఉన్న గంటను మోగించి చూపించారు. ఆయన వాడిన సూక్ష్మ తరంగాల కుటుంబంలోని వాళ్లమే మేమూ. 1971లో హవాయి దీవుల మధ్య రేడియో మీద కంప్యూటర్లు మాట్లాడుకున్నాయి. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడితే, కాసేపు ఆగి మళ్లీ చెప్పడం అక్కడ నేర్చుకున్న మర్యాద. 1997లో మాకు 802.11 అనే ప్రమాణం ఏర్పడింది. అప్పటి మా వేగం సెకనుకు 2 మెగాబిట్లే. మన దేశంలో 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీకీ తలుపులు బాగా తెరిచారు. టీచరుగారి ఇంట్లో నేను ఎవరి అనుమతీ అడగకుండా గాలిలో మాట్లాడగలుగుతున్నానంటే, అది ఆ నిర్ణయాల వల్లే.

ఇక నా గురించి. నాకు పుట్టుకతో వచ్చిన తెలివి చాలా తక్కువ. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ, డ్రైవర్ అనే ప్రోగ్రాము డిస్కులోని ఒక ఫైలు తీసి నా మెమరీలో నింపుతుంది. దాని పేరు ఫర్మ్‌వేర్. కరెంటు పోతే అదీ పోతుంది. అంటే ప్రతి ఉదయం నాకు అక్షరాభ్యాసమే. ఆ పేరు 1967లో ఆషర్ ఓప్లర్ అనే ఆయన పెట్టారు. ఇనుములాంటి యంత్రానికీ, గాలిలాంటి ప్రోగ్రాముకూ నడుమ ఉండేది అని దాని భావం.

అంత తెలివి నాకెందుకని అడగవచ్చు. రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు ‘నేనిక్కడున్నాను’ అని పిలుస్తుంది. ఆ పిలుపు తప్పకుండా వినాలి. నాకొక మాట అందగానే, సెకనులో దాదాపు లక్షో వంతు ఆగి ‘అందింది’ అని జవాబు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే అవతలివాళ్లు అందలేదనుకుని మళ్లీ పంపుతారు. ల్యాప్‌టాప్‌లోని పెద్ద ప్రాసెసర్‌కి వంద పనులు. అంత చిన్న గడువులో నా సంగతి చూడడం దానివల్ల కాదు. అందుకే నాకు సొంతంగా ఒక బుల్లి ప్రాసెసర్ ఉంది. దాన్ని నడిపేది ఫర్మ్‌వేర్. బ్యాటరీ ఆదా కోసం నేను పిలుపుకీ పిలుపుకీ మధ్య కునుకు తీస్తాను. అంతలో నాకోసం వచ్చిన సమాచారాన్ని రౌటర్ దాచి ఉంచుతుంది, మేలుకోగానే అడిగి తీసుకుంటాను. బ్లూటూత్ కూడా నా ఒంట్లోనే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఇద్దరం వంతులు వేసుకుని మాట్లాడాలి. ఈ నిద్రలూ, మెలకువలూ, వంతులూ అన్నీ ఫర్మ్‌వేర్ చేతిలోనే ఉంటాయి. అందులో ఒక్క లెక్క తప్పినా నేను కుప్పకూలతాను.

టీచరుగారు సాయంత్రం 6 గంటలకు పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతారు. ఆ రోజు త్రికోణమితి పాఠం. సగం పటం గీశారో లేదో తెర బిగుసుకుపోయింది. “టీచర్, వినపడట్లేదు” అని పిల్లలు అరుస్తున్నారు. ఆ మాటలు ఆవిడకు చేరలేదు. మోయాల్సింది నేను, నేనేమో పడిపోయి ఉన్నాను.

ఆ క్షణంలో నాలోపల జరిగింది చెబుతాను. ఫర్మ్‌వేర్ రాసినవాళ్లు దారిపొడుగునా కొన్ని షరతులు పెడతారు: ఈ చోట ఈ విలువ ఇలాగే ఉండాలి అని. అలా లేకపోతే, తప్పుదారిలో ముందుకెళ్లకుండా ఫర్మ్‌వేర్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆగేముందు డ్రైవర్‌కు ఒక కేక వేస్తుంది. డ్రైవర్ వచ్చి నాలోని అంకెలన్నీ రాసుకుంటుంది: ఏ పొరపాటు, దాని నంబరు ఎంత, ఎక్కడ ఆగింది, ఏ వెర్షను, సమయమెంత. అదే నా మరణ వాంగ్మూలం. ఆ రాత సిస్టమ్ లాగ్ అనే చిట్టాలో చేరుతుంది. తర్వాత నన్ను తుడిచి, ఫర్మ్‌వేర్ మళ్లీ నింపి, రౌటర్‌తో మళ్లీ కలుపుతుంది. కొన్ని సెకన్లలో నాకు మరుజన్మ. కొన్నిసార్లు అదీ కుదరదు. గాఢనిద్రలోంచి నేను లేవలేకపోతే, డ్రైవర్ నాలో ఏ గది తెరిచి చూసినా అన్నీ ఒకట్లే కనిపిస్తాయి, అంటే లోపల పలికేవాళ్లు లేరని. అప్పుడు పరికరాల జాబితాలోంచి నా పేరే మాయమవుతుంది.

లాగ్‌లో నా వాంగ్మూలాలు ఒకటొకటిగా పేరుకుంటున్నాయి. చదివినవాళ్లు లేరు. టీచరుగారు ఇంటర్నెట్ కనెక్షన్ అతన్ని పిలిపించారు. అతను తీగ మార్చి వెళ్లాడు. రౌటర్‌ను రోజుకు నాలుగుసార్లు ఆపి ఆన్ చేశారు. ఒక రిపేరు దుకాణంలో చూపిస్తే, “బోర్డే పోయిందండీ, కొత్తది కొనుక్కోవడం నయం” అన్నారు. ల్యాప్‌టాప్ విప్పింది లేదు, లాగ్ తెరిచింది లేదు. ఆ మాటకు టీచరుగారి ముఖం వాడిపోయింది. ఆవిడ జీతంలో కొత్త ల్యాప్‌టాప్ అంటే చిన్న విషయం కాదు. నాకు మాటే ఉంటే అప్పుడే చెప్పేదాన్ని: నేను చావలేదమ్మా, నేను రాసింది ఒక్కసారి చదవండి అని.

సెలవులకు మేనల్లుడు వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఈ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ ఎక్కించింది అతనే.

“ఒరేయ్ నాన్నా, ఇది పోయిందంటున్నార్రా” అన్నారావిడ.

“ఎవరు చూసి చెప్పారత్తా? అది ఏం చెప్పిందో ముందు చూద్దాం” అన్నాడు.

ఆ మాట నేనెన్నటికీ మరిచిపోను. టెర్మినల్ తెరిచి, జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్‌తో వెనకటి రోజుల లాగ్‌లు బయటికి తీశాడు. ఎర్ర అక్షరాల్లో నా మాటలు వరసగా వచ్చాయి. ఒక నోటు పుస్తకం తీసుకుని, నేను పడిన ప్రతిసారీ సమయం, అప్పుడు జరుగుతున్న పని, చార్జర్ మీదా బ్యాటరీ మీదా, బ్లూటూత్ ఉందా లేదా అని గళ్లు గీసి రాశాడు. ఐదు రోజుల్లో 11 పతనాలు. అందులో 9 బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడే. పదకొండింటికీ పొరపాటు నంబరు ఒక్కటే. మొట్టమొదటిది సిస్టమ్ అప్‌డేట్ జరిగిన రాత్రి.

అక్కడి నుంచి అతను ఒకసారికి ఒక్క మార్పే చేశాడు. నేను పడిపోయిన వేళ టీచరుగారి ఫోను అదే రౌటర్ మీద హాయిగా పనిచేస్తోంది. కాబట్టి తప్పు రౌటర్‌ది కాదు, తీగదీ కాదు. తర్వాత ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జర్ పీకి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టాడు. మామూలుగా రీస్టార్ట్ చేస్తే నాకు కరెంటు అందుతూనే ఉంటుంది, పాత చిక్కు అలాగే మిగలవచ్చు. ఆ స్నానంతో ఒక పూట తేరుకున్నాను, మర్నాడు మళ్లీ పడ్డాను.

మూడోరోజు అడుగు మూత విప్పాడు. బ్యాటరీ తీగ ముందే ఊడదీసి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి లోహాన్ని ముట్టుకుని, అప్పుడు నన్ను పట్టుకున్నాడు. ఆరేళ్ల తర్వాత వెలుగు చూశాను. నా తెల్ల తీగ సగం ఊడి వేలాడుతోంది. దాన్ని నొక్కి బిగించి, నన్ను గాడిలో సరిగ్గా కూర్చోబెట్టాడు. ఇంట్లో రౌటర్ స్టీలు బీరువా వెనక ఉండేది. మా తరంగాలకు ఇనుము అడ్డుగోడ. తర్వాత రౌటర్‌ను తీసి గూట్లో ఎత్తున పెట్టాడు. సిగ్నల్ బ్రహ్మాండంగా పెరిగింది. పతనాలు మాత్రం తగ్గలేదు.

“సిగ్నల్ బాగుపడినా పడిపోతోందంటే, ఇవి రెండూ వేరు వేరు జబ్బులత్తా” అన్నాడు. సిగ్నల్ బలహీనమైతే వేగం తగ్గుతుంది, మాట తెగుతుంది. ఫర్మ్‌వేర్ కూలితే లాగ్‌లో వాంగ్మూలం ఉంటుంది. ఈ తేడా తెలియకనే చాలామంది ఒక జబ్బుకు ఇంకో మందు వేస్తారు.

నాలుగో ప్రయోగం నా కునుకు ఆపడం. పవర్ సేవింగ్ తీసేశాడు. పతనాలు రోజుకు ఒకటికి దిగాయి. జబ్బు నిద్ర దగ్గరే ఉందని తెలిసింది, కానీ వేరు దొరకలేదు. ఐదోది, ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే మెనూలో పాత కెర్నల్, అంటే లైనక్స్ మూలభాగపు పాత వెర్షను, ఎంచుకోవడం. పాత కెర్నల్‌లోని డ్రైవర్ తనకు తెలిసిన పాత ఫర్మ్‌వేర్ ఫైలునే అడుగుతుంది. కొత్తది కొత్త ఫైలును అడుగుతుంది. పాతదాని మీద మూడు రోజులు, పవర్ సేవింగ్ పెట్టి కూడా, నేను ఒక్కసారీ పడలేదు. నా ఒంట్లో లోపం లేదని అలా రుజువైంది. అప్‌డేట్‌తో నాకు నేర్పిన కొత్త పాఠంలోనే ఎక్కడో తప్పుంది.

“అయితే పాతదే వాడుకుంటే పోలా?” అన్నారు టీచరుగారు.

“భద్రత దిద్దుబాట్లు కొత్తవాటిలోనే వస్తాయత్తా. పాతదగ్గరే ఆగిపోకూడదు” అన్నాడు. నిజమే. 2017లో క్రాక్ అనే వైఫై లోపం బయటపడినప్పుడు, తాళంచెవి మార్పిడిలోని ఆ కంతను పూడ్చడానికి ఎన్నో పరికరాలకు కొత్త ప్రోగ్రాములు ఎక్కించాల్సి వచ్చింది. లైనక్స్ ఫర్మ్‌వేర్ సంగ్రహంలో నా కోసం అప్పటికే దిద్దిన వెర్షను ఉంది. కొత్త కెర్నల్‌కు తిరిగొచ్చి, తప్పున్న ఫైలును పక్కన దాచి, దిద్దినదాన్ని ఎక్కించి, పవర్ సేవింగ్ అలాగే ఉంచాడు. పది రోజులు గమనించాడు. లాగ్‌లో నా కేక ఒక్కటీ లేదు. సాయంత్రం త్రికోణమితి పాఠం చివరి దాకా నడిచింది.

ఆ దిద్దుబాటు ఎలా వచ్చిందో తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. మాలాంటి చాలా కార్డుల ఫర్మ్‌వేర్ మూలం బయటివాళ్లకు కనపడదు. తయారీదారు తప్ప మరొకరు తెరిచి దిద్దలేరు. అలాంటప్పుడు మేం పడేముందు రాసిన నాలుగు వాక్యాలే వాళ్లకు దొరికే ఆధారం. ఎక్కడో ఎవరో తమ కార్డు వాంగ్మూలాన్ని తుడిచేయకుండా, ఓపికగా, వెర్షను నంబరుతో సహా పంపించబట్టే ఇలాంటి తప్పులు దిద్దేవాళ్ల కంట పడతాయి. ఆ ఎవరో చేసిన మేలే తెనాలి దాకా వచ్చి నన్ను బతికించింది.

విండోస్ వాడేవాళ్లకూ నాది ఇదే మాట. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్‌ను వెనక్కి తిప్పే వీలుంది. కరెంటు ఆదాకు కార్డును ఆపేసే అనుమతిని తీసేసి చూడవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదని గుర్తుంచుకోవాలి. ఈవెంట్ వ్యూయర్‌లో నా తోబుట్టువుల వాంగ్మూలాలూ ఉంటాయి.

ఇప్పుడు నా వయసు ఆరేళ్లు దాటింది. ఏదో ఒక రోజు నిజంగానే పోతాను, అప్పుడు పక్కన పెట్టేయండి, బాధపడను. కానీ చదువరీ, అంతవరకూ ఒక్క మనవి. మీ ఇంట్లో యంత్రం పడిపోతే పారేసేముందు, కొత్తది కొనేముందు, అది చివరగా ఏం రాసిందో చదవండి. తేదీ రాసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. జబ్బు తెలిస్తే, ఆ రాతను దిద్దగలవాళ్లకు పంపండి. మీరు పంపిన నాలుగు వాక్యాలతో, మీరెన్నడూ చూడని ఒక ఊళ్లో, ఒక టీచరుగారి పాఠం మధ్యలో ఆగకుండా సాగుతుంది.