నేను కొలిచిన ఆండ్రోమెడా

నేనొక స్పెక్ట్రోగ్రాఫ్‌ని. టెలిస్కోపుకు బిగిస్తే, అది పట్టిచ్చిన వెలుగును రంగురంగులుగా విడదీసి గీతలుగా చూపిస్తాను. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థలో నన్ను తయారుచేసింది కెంట్ ఫోర్డ్. నా జాతివి అంతకుముందూ ఉన్నాయి గానీ, నా బలమంతా లోపలున్న ఇమేజ్ ట్యూబుది. దాని మీద మసక వెలుగు పడితే చాలు, ఎలక్ట్రాన్లు వెలువడతాయి. వాటిని ఉరికించి ఫాస్ఫర్ తెరకు తాకిస్తే అదే బొమ్మ ఎన్నోరెట్లు ప్రకాశవంతంగా వెలుగుతుంది. గంటలకు గంటలు పట్టే ఫొటో నాతో చాలా త్వరగా వచ్చేసేది.

1960ల చివర్లో నన్ను ఆరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీకి, కిట్ పీక్‌కు తీసుకెళ్లారు. అక్కడ నాతో పనిచేసినవారు వేరా రూబిన్. మా గురి ఆండ్రోమెడా గెలాక్సీ. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. అందులోని వేడి హైడ్రోజన్ మేఘాలను ఒక్కొక్కటిగా నా సన్నటి చీలిక మీదికి తెచ్చేవారు. హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఒక ఎర్ర గీత గీస్తుంది. మేఘం మనవైపు వస్తుంటే ఆ గీత నీలం వైపు జరుగుతుంది. దూరంగా పోతుంటే ఎరుపు వైపు. చిన్న గాజు పలక మీద పడిన ఆ గీతను మైక్రోస్కోపు కింద పెట్టి, అది జరిగిన వెంట్రుకవాసి తేడాను కొలిస్తే మేఘం వేగం తెలిసిపోతుంది.

గెలాక్సీ అంచుకు పోయేకొద్దీ మేఘాల వేగం తగ్గాలి. సూర్యుడి చుట్టూ బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పరిగెత్తితే, నెప్ట్యూన్ అయిదున్నర కూడా దాటదు. ఆండ్రోమెడాలోనూ వెలుగు చాలావరకు నడిమధ్యే పోగుపడి ఉంది కదా, బరువూ అక్కడే ఉండాలి! కానీ నా గీతలు వేరే సంగతి చెప్పాయి. దూరపు మేఘాలూ సెకనుకు 200 కిలోమీటర్లకు పైగానే తిరుగుతున్నాయి. 67 మేఘాల లెక్కలతో 1970లో వ్యాసం వచ్చింది. 1980 నాటికి మరో 21 గెలాక్సీలు చూశారు. వాటిలోనూ అంతే, అంచుల్లో వేగం తగ్గలేదు.

తాడుకు రాయి కట్టి గిరగిరా తిప్పి చూడండి. వేగం పెంచేకొద్దీ పట్టు బిగించాలి, లేకపోతే రాయి ఎగిరిపోతుంది. గెలాక్సీలో ఆ పట్టు గురుత్వాకర్షణది. కనిపించే నక్షత్రాలు, వాయువు, ధూళి అన్నీ కలిపినా అంత పట్టు రాదు. అయినా మేఘాలు ఎగిరిపోవడం లేదు. అంటే కంటికి కనిపించని బరువేదో వాటిని పట్టి ఉంచుతోంది. అదే కృష్ణ పదార్థం. కోమా గెలాక్సీల గుంపును చూసి 1933లోనే ఫ్రిట్జ్ జ్వికీ ఈ మాట అన్నారు, కానీ చాలాకాలం దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

దాన్ని నల్లగా ఉండేదనుకోకండి. అది వెలుగునివ్వదు, మింగదు, అడ్డుకోదు. బరువు మాత్రం ఉంది కాబట్టి, తన పక్కనుంచి పోయే వెలుగును కాస్త వంచుతుంది. విశ్వంలో మామూలు పదార్థానికి అది అయిదు రెట్లకు పైనే. కాదు, గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలి అనేవారూ ఉన్నారు. వేరా ఆ మాటనూ కొట్టిపారేయలేదు. ఆవిడలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే: కొలత ఏం చెబితే అంతవరకే.

అది దేనితో తయారైందో చెప్పడం నావల్ల కాదు, నేను వెలుగును మాత్రమే చదవగలను. అందుకోసం దక్షిణ డకోటాలో, ఒకప్పటి బంగారు గనిలో దాదాపు కిలోమీటరున్నర లోతున, ఓ పెద్ద తొట్టినిండా ద్రవ జినాన్ పోసి శాస్త్రవేత్తలు కాచుకుని ఉన్నారు. కృష్ణ పదార్థపు కణం ఒక్కటి వచ్చి జినాన్ పరమాణువును తాకితే చిన్న మెరుపు పుడుతుంది. అంతరిక్షం నుంచి కురిసే మిగతా కణాలు అడ్డురాకుండా పైనున్న రాతిపొర ఆపుతుంది. ఇప్పటిదాకా ఒక్కటీ చిక్కలేదు.