పప్పుడికే నీళ్లు

ఒరేయ్ అబ్బాయ్, మా రోజుల్లో మంచినీళ్ల బావికి కమిటీలూ లేవు, తీర్మానాలూ లేవు. అంతా ఆడవాళ్ల పెత్తనమే. కడగని బొక్కెన దించినా, గట్టు మీద బట్టలుతికినా చీవాట్లే. ఎండాకాలం ఊట తగ్గితే ఇంటికెన్ని బిందెలో వాళ్లే తేల్చేవారు. మునసబు కూడా నోరెత్తేవాడు కాదు. కొత్త బావి తవ్వితే మా మేనత్త గుప్పెడు కందిపప్పు ఆ నీళ్లలో ఉడకేసి, పలుకు వేళ్ల మధ్య నలిపి చూసేది. మెదిగితే మనకి, లేకపోతే గొడ్లకి. దళితవాడ ఆడవాళ్లను మాత్రం ఆ గట్టు ఎక్కనిచ్చేవారు కాదు. ఎవరైనా పోస్తారేమోనని ఎండలో బిందెలు పెట్టుకుని నిలబడేవారు. ఆ ఒక్కటీ పోవడమే మంచిదైంది.

ఇప్పుడో? 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చింది. ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు, ఊరి నీటి సంఘంలో సగం మంది ఆడవాళ్లు అన్నారు. తీరా మా ఊళ్లో మీటింగు పెడితే కుర్చీల్లో మొగుళ్లు కూర్చుంటారు, సంతకానికి పుస్తకం పెళ్లాల దగ్గరికి వెళుతుంది. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పమన్నారు. సీసాలో చుక్కలు వేసి, రంగు చూసి, ఫ్లోరైడు ఎంతుందో చెబుతారు. నల్లగొండ జిల్లాలో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవాణ్ని, ఫ్లోరైడు మా మేనత్త కందిపప్పుకు దొరికేది కాదని ఒప్పుకుంటాను. కానీ పరీక్ష చేసిన పిల్ల రాసిన కాగితం బీరువాలో పడుంటే లాభమేమిటి?

పొలం నీళ్ల సంగతి మరీ అన్యాయం. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టి, భూమి రికార్డులో పేరున్నవాళ్లకే ఓటన్నారు. నాటేదీ, కలుపు తీసేదీ ఇంటావిడ. మడి ఎండినా మునిగినా ముందు తెలిసేది ఆవిడకే. పాసుపుస్తకంలో పేరు మాత్రం ఆయనది! పొలాలకు నీళ్లు వదిలే మా నీరుగంటి నయం, నాట్లేసేవాళ్లను "తడి చాలిందా అమ్మా" అని అడిగి మరీ మడవ తిప్పేవాడు. ఆడవాళ్లకు లెక్కలు రావనే పెద్దమనుషులకు ఒక మాట. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలుచుకున్న పథకం నడిచింది. అందులో ఆడరైతులు కూడా బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన లెక్క రాసి, ఉన్న నీళ్లకు ఏ పంట తగునో చర్చించారు.

నువ్వు ఊరెళ్తే ఈ ఒక్క పని చెయ్యి: పాసుపుస్తకంలో మీ అమ్మ పేరు కూడా ఎక్కించమని మీ నాన్నను నిలదియ్యి. వచ్చే నీటి సంఘం మీటింగుకి ఆవిడనే పంపు.